టున్ లిన్ పేరున ఉన్న ఆస్టిన్

రంగూన్‌లో పజుండౌంగ్ వాగు ఒడ్డున తాళ్ల కొట్టు నడిపే భీమరాజు ఆ ఉత్తర్వు సంగతి మొదట మైకులో విన్నాడు. ఎనభై తొమ్మిది ఫిబ్రవరి అది. వార్డు ఆఫీసు జీపు వీధి వీధికీ తిరుగుతూ చెబుతోంది. ఇళ్ల ముందు గోడలకు రంగు వేయాలి. కాలవల మీద వేసుకున్న బల్లలు తీసెయ్యాలి. తనంతట తాను కదలలేని మోటారు బండి ఏదీ రోడ్డు పక్కన ఉండకూడదు. నెలాఖరులోగా ఇన్‌స్పెక్టరు ముందు నడిపి చూపించాలి. బండి ఎవరి పేరున ఉందో ఆ మనిషే వచ్చి నిలబడాలి. లేకపోతే లారీ వచ్చి బండిని తుక్కు కింద ఎత్తుకుపోతుంది, మనిషి మీద కేసు ఉంటుంది.

అప్పుడతను ఒక పడవవాడికి కొబ్బరి తాడు కొలిచి ఇస్తున్నాడు. చేతులు ఆగలేదు. కొలిచి, కోసి, కొస విడిపోకుండా ముడి వేసి ఇచ్చాడు. పడవవాడు వెళ్లాక గుర్తొచ్చింది, ఆ ఉత్తర్వు తన బండికీ వర్తిస్తుందని. గుర్తొచ్చినా ఏమీ అనిపించలేదు. కిందటి సెప్టెంబరు నుంచి అతనికి ఏదీ పెద్దగా అనిపించడం లేదు.

బండి అంటే ఆస్టిన్ కారు. అతని వయసు కంటే కొంచెం చిన్నది. దాన్ని అతనూ, పై అంతస్తులో ఉండే కో టున్ లిన్ అనే స్కూలు మాస్టరూ కలిసి కొన్నారు. బర్మావాళ్లు మర్యాదకు పేరు ముందు ఈడు మగవాళ్లకు కో, పెద్దవాళ్లకు ఊ, ఆడవాళ్లకు మా అని తగిలిస్తారు. కొన్నప్పుడు దానికి ఇంజను లేదు, సీట్లు లేవు, లోపల కోళ్లు గుడ్లు పెట్టుకునేవి. దేశంలోకి కొత్త బండీ రాదు, కొత్త సామానూ రాదు. ఇనుప బజారులో దొరికినదాన్ని అరగదీసి, దొరకనిదాన్ని లేతు మీద చేయించి, ఏళ్ల తరబడి ఆదివారాలన్నీ దాని కిందే గడిపారు. ఇద్దరికీ మెకానిక్ పని రాదు. చేసి, పాడుచేసి, మళ్లీ చేసి నేర్చుకున్నారు. టున్ లిన్‌కు తొందర ఎక్కువ, నవ్వు ఎక్కువ. భీమరాజుకు ఓపిక ఎక్కువ.

బండి మాత్రం టున్ లిన్ పేరున రాయించారు. భీమరాజు పుట్టింది పజుండౌంగ్‌లోనే. వాళ్ల నాన్నా అక్కడే పుట్టాడు. బారువ రేవులో ఓడ ఎక్కి వచ్చినవాడు తాత. అయినా భీమరాజు జేబులో ఉన్నది విదేశీయుల కార్డు. కొత్త పౌరసత్వ చట్టం వచ్చాక పెట్టుకున్న అర్జీకి జవాబు రాలేదు. ఆ కార్డుతో కారు పేరున పెట్టుకోవడం అంటే లేనిపోని ప్రశ్నలు కొనితెచ్చుకోవడమే. "నా పేరు రాయి, నీ బండే" అన్నాడు టున్ లిన్. అంతటితో అయిపోయింది.

కిందటి ఆగస్టులో ప్రభుత్వం దిగిపోవాలని ఊరంతా రోడ్డెక్కినప్పుడు టున్ లిన్ తన స్కూలు పిల్లల వెంట ఊరేగింపుల్లో నడిచాడు. రాత్రుళ్లు వీధులకు కాపలా పెట్టుకున్న రోజులవి. వీధి మొదట్లో వెదురు కంచె కడుతూ, ఇది చాలదని కుర్రాళ్లంటే, ఆస్టిన్‌ని తోసుకెళ్లి అడ్డంగా నిలబెట్టింది టున్ లినే. అప్పటికి ఇంజను పలికింది గాని, క్లచ్చి పట్టడం లేదు. "ఇన్నాళ్లకి ఒక పనికొచ్చింది" అని నవ్వాడు. సెప్టెంబరులో సైన్యం ప్రభుత్వాన్ని చేతుల్లోకి తీసుకున్న మర్నాడు సైనికులు వీధిలోకి వచ్చారు. కంచె విరిచారు. టైర్లు కోసి ఆస్టిన్‌ని పక్కకు నెట్టారు. ఒక తూటా దాని రేడియేటరులోంచి దూసుకుపోయింది. ఆ వారంలోనే టున్ లిన్ వెళ్లిపోయాడు. థాయ్ సరిహద్దు అడవుల్లోకి వెళ్లాడని కొందరన్నారు. ఎవరూ గట్టిగా అనలేదు. భీమరాజుకు చెప్పి వెళ్లలేదు.

అప్పటినుంచి భీమరాజు కొట్టు తెరిచేవాడు, మూసేవాడు. కర్ఫ్యూ వేళకు ఇంట్లో ఉండేవాడు. ఆస్టిన్ మీద గోనె పట్టా కప్పి ఉంచాడు. దాని పక్కనుంచి నడిచేటప్పుడు అటు చూసేవాడు కాదు.

*

మొదట లారీ వచ్చింది దండాసి జీపు కోసం. దండాసి రేవులో క్రేను నడిపి దిగిపోయిన ముసలివాడు. యుద్ధం నాటి జీపు ఒకటి ఇంటి ముందు పెట్టుకుని రోజూ తుడుస్తూ ఉండేవాడు. అది అప్పుడప్పుడు నడిచేది, ఎక్కువగా నడిచేది కాదు. ఇన్‌స్పెక్టరు వచ్చిన పూట నడవలేదు.

లారీవాళ్లు గొలుసు తగిలిస్తుంటే దండాసి వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. భీమరాజే వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు.

"దిగు తాతా. నడవనేదని రాసేసినారు."

"నడవదని ఎవుడన్నాడు?" అన్నాడు దండాసి. కేకలు వెయ్యలేదు, మామూలుగానే అన్నాడు. "మొన్న నడిసింది. రేపు నడుస్తాది. ఇయాల దానికి ఒంట్లో బాగోనేదు. మడిసికి ఒంట్లో బాగోపోతే లారీ ఎక్కించీస్తారేటి?"

భీమరాజు ముసలివాణ్ణి చంకల కింద పట్టుకుని దింపాడు. ముసలివాడు తేలిగ్గా ఉన్నాడు. జీపు గాలిలోకి లేచినప్పుడు దాని కింద నల్లటి నూనె మరక మిగిలింది. ఆ మరక మీద వార్డు మనుషులు సున్నం చల్లి వెళ్లారు.

ఆ సాయంత్రం వార్డు పెద్ద ఊ సేయిన్ తాళ్ల కొట్టుకు వచ్చాడు. పాతకాలం మనిషి, చెడ్డవాడు కాదు, భయస్తుడు. బల్ల మీద కూర్చుని బర్మా భాషలో మెల్లగా మాట్లాడాడు.

"కో రాజు, నీ ఆస్టిన్ నడుస్తుందా?"

"నాది కాదు గదా, ఊ సేయిన్. కో టున్ లిన్‌ది."

"అదే నేను చెప్పేది. కో టున్ లిన్ రావాలి."

"తీసుకుపోండి. లారీ పంపండి. ఎవరూ అడ్డం రారు."

ఊ సేయిన్ తల అడ్డంగా ఊపాడు. "తీసుకుపోయినా పేరు రాయాలి. ఆ మనిషి ఎక్కడ అని రాయాలి. నేను ఊళ్లో లేడు అని రాశాననుకో, ఎందుకు లేడని పైవాళ్లు అడుగుతారు. ముందు అతని భార్య మా సాన్‌ని అడుగుతారు. తర్వాత నిన్ను. ఆ బండి ఆగస్టులో ఎక్కడ నిలబడిందో ఈ వీధిలో అందరికీ తెలుసు." కాసేపు వాగు వైపు చూశాడు. "మనిషి చనిపోయి ఉంటే వేరు. అప్పుడు బండి భార్య పేరు మీదికి మారుతుంది. ఆమె వచ్చి నిలబడితే చాలు. నేను చెప్పానని అనకు."

లేచి వెళ్లిపోయాడు.

*

ఇంట్లో భార్య రాధాకుమారి అన్నం పెడుతూ అడిగింది.

"ఏటి మావా, ఆ బండిని ఏటి సేత్తావు?"

"ఏటి సెయ్యాలి?"

"ఒగ్గీ. లారీకి ఒగ్గీ. దానికోసం మనవెందుకు సావాలి?"

"ఒగ్గీడానికైనా ఆడు రావాలంట."

రాధాకుమారి గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "ఆడెక్కడినుంచి వొస్తాడు?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "బతికున్నాడో నేదో."

భీమరాజు అన్నం తింటూనే ఉన్నాడు. ఆమె అతని మొహం వంకే చూసింది. కోపమో, ఏడుపో, ఏదో ఒకటి వస్తుందని ఎదురుచూసింది. అతను మంచినీళ్లు అడిగాడు.

మర్నాడు సాయంత్రం అతను ఆస్టిన్ మీద పట్టా తీశాడు. ఎందుకు తీశాడంటే చెప్పలేడు. నడిపి చూపించాలనే పంతం లేదు, దాచుకోవాలనే ఆశా లేదు. సాయంత్రం కొట్టు మూశాక కర్ఫ్యూ దాకా కాస్త పొద్దు మిగిలేది, చేతులు ఊరికే ఉండేవి. బానెట్ ఎత్తి రేడియేటరు విప్పాడు. తూటా పోయిన చోట రెండు వైపులా చూపుడు వేలు పట్టేంత కన్నం ఉంది. దానికి రాగి రేకు పెట్టి టంకం వేశాడు. నల్ల రంగు పూశాడు. పాత బస్సు టైర్లు అమ్మే కొట్టులో వెతికి దాదాపు సరిపోయేవి తెచ్చాడు. క్లచ్చి పలకను లేతువాడి దగ్గరికి తీసుకెళ్లాడు. టున్ లిన్ ఉంటే ప్రతి బోల్టు దగ్గరా వాదించేవాడు. ఇప్పుడు వాదించేవాళ్లు లేరు కాబట్టి పని తొందరగా అయింది.

అలా బండి కింద పడుకుని ఉండగా ఒక సాయంత్రం పక్కన రెండు పాదాలు వచ్చి ఆగాయి. మా సాన్ పాదాలవి. టున్ లిన్ భార్య. అయిదు నెలలుగా మెట్ల మీద ఎదురైతే తల ఊపడమే గాని మాట్లాడింది లేదు.

"కో రాజు, బయటికి రాకు. అలాగే విను" అంది బర్మా భాషలో. "ఎవరైనా చూస్తే బండి గురించి అడుగుతున్నానని అనుకుంటారు."

అతను పడుకునే ఉన్నాడు.

"ఇంట్లో ఎవరెవరున్నారో రాసే సర్కారు జాబితాలోంచి ఆయన పేరు కొట్టేయిస్తున్నాను. చనిపోయాడని. ఇప్పటిదాకా తనిఖీకి వచ్చినప్పుడల్లా వ్యాపారం మీద వెళ్లాడని నోటితో చెబుతూ వచ్చాను. ఈ బండి మూలంగా ఇప్పుడు కాయితం మీద చెప్పాలి. కాయితం మీద చెప్పడానికి ఇంకో మాట లేదు."

"నిజంగా..." అన్నాడు భీమరాజు.

"నాకూ తెలియదు" అంది మా సాన్. "తూటాకు పోయాడని చెబితే అసలుకే మోసం. పడవ బోల్తా పడిందని చెప్పమన్నాడు ఊ సేయిన్. వాగులో. చూసినవాళ్లు ఒకరు కావాలి, చుట్టం కాకూడదు. నీ కొట్టు వాగు ఒడ్డునే ఉంది."

భీమరాజు పైన కనబడుతున్న ఇనుప గొట్టం వంక చూస్తూ ఉన్నాడు. దాని మీద టున్ లిన్ వేసిన అతుకు వంకరగా ఉంది.

"సరే" అన్నాడు.

పాదాలు వెళ్లిపోయాయి.

*

చౌక్తడాలోని ఒక ఆఫీసులో పెద్ద గది. సీలింగు ఫ్యాను తిరగడం లేదు. గుమాస్తా కళ్లజోడు పెట్టుకున్న నడివయసు మనిషి. మా సాన్ తెల్ల రవికె వేసుకుని వచ్చింది. బల్లకు ఒక పక్క ఆమె, రెండో పక్క భీమరాజు నిలబడ్డారు. గుమాస్తా అతని విదేశీయుల కార్డు తిప్పి చూసి, పక్కన పెట్టాడు.

"ఎప్పుడు?"

"కిందటి అక్టోబరు. వానలు తగ్గే రోజుల్లో. సాయంత్రం."

"ఏం చూశావు?"

పడవ బోల్తా పడింది, మనిషి మునిగిపోయాడు, శవం దొరకలేదు. ఈ మూడు ముక్కలే చెప్పాలనుకుని వెళ్లాడు. నోరు తెరిస్తే మాటలు వాటంతట అవే వచ్చాయి.

"నేను కొట్టు మూస్తున్నాను. అవతలి ఒడ్డు దవ్‌బోన్ వైపు నుంచి వస్తున్న చిన్న సంపాన్ పడవ. పోటు మీద ఉంది వాగు. పెద్ద పడవ ఒకటి పక్కనుంచి పోయింది. దాని అలకు సంపాన్ తిరగబడింది. పడవవాడు ఈదాడు. కో టున్ లిన్‌కు ఈత రాదు. నేను తాడు విసిరాను."

"విసిరావా?"

"నా దగ్గర తాళ్లే గదా ఉండేవి. మొదటిసారి అందలేదు. రెండోసారి అందింది. పట్టుకున్నాడు. లాగాను. బరువు తెలిసింది చేతికి. నా వైపు చూశాడు. తర్వాత తాడు తేలికైపోయింది."

గుమాస్తా రాయడం ఆపి తలెత్తాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మా సాన్ ఏడవడం మొదలుపెట్టింది. అది ఆఫీసు కోసం ఏడుపో, నిజం ఏడుపో భీమరాజుకు తెలియలేదు. అతని కళ్లు పొడిగానే ఉన్నాయి. అరిచేతులు మాత్రం మండుతున్నాయి, తాడు జారిపోయినప్పుడు మండినట్టు.

ముద్ర పడింది. కో టున్ లిన్ చనిపోయాడు.

మా సాన్ ఇంట్లో భిక్షువులకు భోజనం పెట్టించింది. వీధివాళ్లు వచ్చి కూర్చుని వెళ్లారు. భీమరాజు కూడా వెనక వరసలో చాప మీద కూర్చున్నాడు. ఊ సేయిన్ అందరి ముందూ కళ్లు ఒత్తుకున్నాడు. ఆ రోజు నుంచి సాయంత్రం కొట్టు మూసేటప్పుడు భీమరాజు వాగు వైపు చూస్తే, బోల్తా పడ్డ సంపానే కనబడేది. అంతకుముందు టున్ లిన్ ఎక్కడ ఉన్నాడో తెలియక, ఎక్కడో ఉన్నాడని అనిపించేది. ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో తెలిసినట్టే ఉంది. నీళ్ల అడుగున. తనే చెప్పాడు గదా.

రాధాకుమారితో ఒకసారి అన్నాడు. "రాదా, ఆడు నిజంగా సచ్చిపోనాడనిపిస్తంది."

"నువ్వు సూడనేదు మావా. నువ్వు సెప్పినావు, అంతే."

"సూసినట్టే ఉంది."

ఆమె అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదలలేదు.

*

నెలాఖరున ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పడుచువాడు, కొత్త యూనిఫారం. బండి కాయితం మా సాన్ పేరున ఉందో లేదో చూశాడు. బానెట్ ఎత్తించాడు. రేడియేటరు మీద కొత్తగా పూసిన నలుపు మీద వేలు పెట్టి రుద్దాడు. "ఇదేంటి?"

"తుప్పు పట్టి కన్నం పడింది. టంకం వేశాను" అన్నాడు భీమరాజు.

ఇన్‌స్పెక్టరు వేలు తుడుచుకున్నాడు. "నడుపు."

మా సాన్ పక్క సీట్లో కూర్చుంది. భీమరాజు హ్యాండిల్ వేసి తిప్పాడు. రెండోసారికి ఇంజను అందుకుంది. ఎక్కి క్లచ్చి వదిలితే బండి ఒక్క కుదుపు కుదిపి కదిలింది. వీధి పొడుగునా, ఆగస్టులో తను అడ్డంగా నిలబడిన చోటు దాటి, ఆస్టిన్ మొదటిసారి తన కాళ్ల మీద నడిచింది. గుమ్మాల్లో ఉన్నవాళ్లు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దండాసి మాత్రం తన అరుగు మీంచి లేచి నిలబడ్డాడు.

భీమరాజు ఎన్నో ఏళ్లు ఈ రోజు గురించి ఊహించుకున్నాడు. పక్కన టున్ లిన్ అరుస్తూ ఉంటాడని, తను అతన్ని నోరు మూసుకోమంటాడని. ఇప్పుడు మా సాన్ చేతులు ఒళ్లో పెట్టుకుని సూటిగా ముందుకు చూస్తోంది. వీధి చివర బండి తిప్పుతూ అతను "బ్రేకు కొంచెం ఎడమకి లాగుతోంది" అన్నాడు. "అలాగా" అంది ఆమె.

ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టాడు. బండి ఉండవచ్చు.

కొన్నాళ్లకు మా సాన్ దాన్ని మింగళాడోన్‌లో టాక్సీ నడిపే ఒక మనిషికి అమ్మేసింది. అమ్మే ముందు వచ్చి భీమరాజును అడిగింది. "బండి నీది. నువ్వు వద్దంటే అమ్మను. కాని నాకు మౌల్‌మేన్‌లో మా అక్క దగ్గరికి వెళ్లాలని ఉంది." మౌల్‌మేన్ నుంచి సరిహద్దు ఎంతో దూరం కాదు. ఆమె ఆ మాట అనలేదు, అతనూ అడగలేదు.

"అమ్మేయి, మా సాన్. నా వాటా కూడా దారి ఖర్చుకి ఉంచుకో."

టాక్సీవాడు వచ్చినప్పుడు, చలికాలం పొద్దున చోక్ ఎంత లాగాలో, ఏ గేరు మొండికేస్తుందో భీమరాజు నిలబడి అంతా చెప్పాడు. బండి వెళ్లాక ఖాళీ అయిన చోట రాధాకుమారి నీళ్లు పోసి చీపురుతో కడిగింది. అతను కొట్టుకు వెళ్లాడు.

*

ఆ వానాకాలంలోనే ఊరి పేరు ఇంగ్లీషులో కూడా యాంగోన్ అని మార్చారు. బోర్డులన్నీ మారాయి. కొట్టు బోర్డు మీద రంగూన్ అనే మాటను భీమరాజు తనే చెరిపి కొత్తది రాయించాడు.

వానలు తగ్గుతున్న రోజుల్లో మౌల్‌మేన్ నుంచి సరుకు పడవ ఒకటి వచ్చింది. దాని సరంగు కన్నయ్య తాళ్లు కొనడానికి కొట్టుకు వచ్చాడు. తెలుగువాడే గాని భీమరాజుకు పరిచయం లేనివాడు. అన్నీ ఎంచి పక్కన పెట్టాక చుట్టూ చూసి, పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"నువ్వేనా బీమరాజంటే?"

"నానే. ఏటి?"

"నీకో కబురు. మాస్టారొకడున్నాడు, అడివిలో. మలేరియా వొచ్చి తగ్గింది. మడిసి బానే ఉన్నాడు. పెళ్లాం కూడా ఎల్లి కలిసింది."

భీమరాజు చేతిలో కత్తి ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాడు.

"నిన్నో మాట అడగమన్నాడు" అన్నాడు కన్నయ్య. అతనికి నవ్వు ఆగలేదు. "అంత తాళ్ల కొట్టు పెట్టుకుని, నన్ను లాగడానికి గట్టి తాడు దొరకనేదా అని."

అది టున్ లిన్ మాటే. ఇంకెవరూ అలా అడగరు. భీమరాజు నవ్వాలనుకున్నాడు. మొహం కదలలేదు. కన్నయ్య నవ్వు కూడా మెల్లగా ఆగిపోయింది.

"బండి ఏటయిందని కూడా అడిగినాడు. ఏటి సెప్పమంతావు?"

"నడుస్తంది" అన్నాడు భీమరాజు. "మింగళాడోన్ల. టాక్సీ సేసినారు. నాను రెండుమార్లు సూసినాను రోడ్డు మీద. బ్రేకు ఇంకా ఎడంపక్కకే లాగుతంది."

"అంతేనా?"

భీమరాజు ఆలోచించాడు. సంతోషంగా ఉందని చెప్పమనాలి. ఉండే ఉంటుంది. లోపల ఎక్కడో ఉండి, ఇంకా తన దాకా రాలేదు. లేనిదాన్ని ఉందని చెప్పడం ఒకసారి చేశాడు. మళ్లీ చెయ్యబుద్ధి కాలేదు.

"అంతే" అన్నాడు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లి రాధాకుమారికి చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే గుమ్మంలో కూలబడి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. "బతికున్నాడు మావా, బతికున్నాడు" అని అతని మోకాలు పట్టుకుని ఊపింది. అతను ఆమె తల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఆమె శాంతించేదాకా అలాగే ఉన్నాడు.

సాయంత్రం పోటు మీద కన్నయ్య పడవ బయలుదేరుతుంటే భీమరాజు కొట్టు వదిలి రేవు మెట్ల దాకా వెళ్లాడు. చెప్పడానికి కొత్తగా ఏమీ లేదు. కన్నయ్య చెయ్యి ఊపాడు, ఇతనూ ఊపాడు. పడవ మలుపు తిరిగింది. వాగు మీద సంపాన్లు అటూ ఇటూ పోతున్నాయి, మనుషుల్ని దించుతున్నాయి, ఎక్కించుకుంటున్నాయి. చాలాసేపు వాటిని చూశాడు. ఒక్కటీ తిరగబడలేదు. చినుకులు పడుతుంటే, బయట పెట్టిన తాళ్ల చుట్టలు తడుస్తాయని గుర్తొచ్చి వెనక్కి నడిచాడు.